షుగర్ ఫ్యాక్టరీ నీళ్లకు ఏ పరీక్షలు చేయాలి, ఎందుకు చేయాలి?

బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఈ సీజన్‌లోనే షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ట్రైనీగా చేరానని, నీళ్ల పరీక్షలన్నీ మీకే అప్పజెప్పారని రాశారు. హార్డ్‌నెస్ (నీళ్ల కాఠిన్యం) నుంచి సిలికా దాకా ఉన్న ఆ పొడవాటి ఫారంలో ఏది ముఖ్యమని అడిగారు. కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మళ్లీ నీరైనది) చాలనప్పుడు బోరు నీళ్లు కలిపితే నష్టమేంటని కూడా అడిగారు. గోదావరి జిల్లాలో ఒక షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చాలా సీజన్లు పనిచేశాను కాబట్టి వివరంగానే చెబుతాను.

ముందు ఆ ఫారం కాసేపు పక్కన పెట్టి, ఫ్యాక్టరీ అంతా ఒకసారి తిరిగి ఏ పైపులో ఏ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడండి. బాయిలర్‌కు వెళ్లే నీళ్లు వేరు, చివరి మిల్లు దగ్గర పిప్పి మీద చల్లే ఇంబిబిషన్ నీళ్లు వేరు, సున్నం కలిపే నీళ్లు, సెంట్రిఫ్యూగల్‌లో పంచదార కడిగే నీళ్లు, స్ప్రే పాండ్ (కండెన్సర్‌లో ఆవిరిని చల్లార్చి వేడెక్కిన నీళ్లను చిమ్మి చల్లబరిచే చెరువు) నీళ్లు, ఆఖరికి డ్రైన్‌లో పోయేవి, ఇవన్నీ వేరు. ఒక చోట ప్రాణం మీదికి తెచ్చే అంకె ఇంకోచోట లెక్కలోకే రాదు. నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలిస్తే ఏ పరీక్ష చేయాలో దానంతటదే తెలుస్తుంది.

చెరకులో దాదాపు 70 శాతం నీళ్లే. సుమారు 15 బ్రిక్స్ (కరిగిన పదార్థం శాతం) ఉండే రసాన్ని ఎవాపరేటర్లలో 60 బ్రిక్స్ సిరప్ దాకా చిక్కబరుస్తాం. ఆ పోయిన ఆవిరిలో చాలాభాగం కండెన్సేట్‌గా తిరిగి చేతికొస్తుంది. అందుకే క్రషింగ్ సాఫీగా నడుస్తున్నప్పుడు వేడినీళ్లకు లోటుండదు. ఈ కండెన్సేట్‌లో హార్డ్‌నెస్ ఉండదు, ఉప్పులు దాదాపు ఉండవు. బాయిలర్‌కు ఇంతకన్నా మంచి నీళ్లు దొరకవు. కానీ అందులో చక్కెర కలవకూడదు. మీ ఫారంలో ఎన్ని గళ్లున్నా నన్నడిగితే మొదటి పరీక్ష ఇదే: కండెన్సేట్‌లో చక్కెర జాడ.

చక్కెర బాయిలర్‌లోకి పోతే ఆ వేడికి విరిగి ఆమ్లాలుగా మారుతుంది. పీహెచ్ పడిపోతుంది, నీళ్లు నురగ కడతాయి, ఆ నురగ ఆవిరితో పాటు టర్బైన్ దాకా పోతుంది. ట్యూబుల లోపల నల్లటి పొర కడుతుంది. పొర కట్టిన చోట మంట వేడిమి నీళ్లకు అందక ట్యూబు కాలిపోయి ఉబ్బుతుంది, చివరికి పగులుతుంది. బాయిలర్ ఆగితే ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుంది, గేటు బయట చెరకు బళ్లు ఎండలో నిలబడిపోతాయి. కోసిన చెరకు ఆగిన కొద్దీ రైతుకు బరువు తగ్గుతుంది, మనకు రికవరీ (చెరకు నుంచి దక్కే పంచదార శాతం) తగ్గుతుంది.

పరీక్ష కాలేజీలో మీరు చేసిన మోలిష్ టెస్టే, ఫ్యాక్టరీలో ఆల్ఫా నాఫ్తాల్ టెస్ట్ అంటాం. టెస్ట్‌ట్యూబులో 2 మిల్లీలీటర్ల చల్లార్చిన కండెన్సేట్ తీసుకుని, ఆల్కహాల్‌లో కరిగించిన ఆల్ఫా నాఫ్తాల్ నాలుగైదు చుక్కలు వేసి కలపండి. ట్యూబును వాల్చి పట్టుకుని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంబడి మెల్లగా జార్చండి. ఆమ్లం బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. రెండూ కలిసే గీత దగ్గర ఊదారంగు వలయం వచ్చిందంటే చక్కెర ఉన్నట్టే. లేత ఊదా అయితే జాడ, ముదురు రంగుకు తిరిగితే ఎక్కువే కలిసిందని అర్థం. ఎంత తొందరలో ఉన్నా కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయకండి.

ఇందులో ఒక చిక్కుంది. షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చక్కెర లేని చోటంటూ ఉండదు. బల్ల మీద రసం మరకలు, గాల్లో పంచదార పొడి, చేతులకు సిరప్. ట్యూబులోకి ఫిల్టర్ పేపర్ పోగు ఒక్కటి పడినా ఊదా రంగు వచ్చేస్తుంది, ఎందుకంటే సెల్యులోజ్ కూడా కార్బోహైడ్రేటే. కాబట్టి ఈ పరీక్షకు ట్యూబులు విడిగా ఉంచుకోండి. పక్కనే డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకో ట్యూబు పెట్టి రెండూ పోల్చి చూడండి. ఆల్ఫా నాఫ్తాల్ ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే పారబోసి కొత్తది చేసుకోండి.

ఎంత తరచుగా చేయాలంటే, బాయిలర్‌కు పోయే ప్రతి కండెన్సేట్ లైనుకూ కనీసం గంటకోసారి. గంటలు చూసుకోవడం కన్నా ముఖ్యమైన సమయం ఇంకోటుంది. ఎవాపరేటర్ మొదటి బాడీలో (వరుసగా ఉండే పాత్రల్లో మొదటిదానిలో) ట్యూబుకు చిల్లి పడితే, నడుస్తున్నంతసేపూ ఆవిరి వైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆవిరే రసంలోకి పోతుంది. కండెన్సేట్ శుభ్రంగానే కనిపిస్తుంది. మిల్లు ఆగి ఆవిరి ఒత్తిడి పడిపోగానే రసం అదే చిల్లిలోంచి ఇటు దిగుతుంది. తిరిగి స్టార్ట్ చేసినప్పుడు మొదట వచ్చే కండెన్సేట్ అంతా తీపే. అందుకే ప్రతి ఆగుదల తర్వాత, పరీక్షలో శుభ్రమని తేలేదాకా కండెన్సేట్‌ను బాయిలర్ ట్యాంకుకు వదలకూడదు.

మా దగ్గర ఒక రాత్రి షిఫ్టులో సరిగ్గా ఇలాగే జరిగింది. మిల్లు దగ్గర బ్రేక్‌డౌన్ వచ్చి కాసేపు ఆగింది. తిరిగి మొదలయ్యాక మా సీనియర్ కెమిస్ట్ గారు స్వయంగా ట్యూబు పట్టుకుని నిలబడ్డారు. వలయం ముదురు ఊదాగా వచ్చింది. బాయిలర్ వాళ్లేమో ఫీడ్ ట్యాంకు లెవెల్ పడిపోతోందని టెన్షన్. "వారమంతా క్లియర్‌గానే ఉందండీ, మీ ట్యూబే సరిగ్గా కడగలేదేమో" అన్నారు. ఆయన వాదన పెట్టుకోలేదు. వాళ్ల ముందే ఇంకో ట్యూబు కడిగి మళ్లీ చేసి చూపించి, లైనును ప్రాసెస్ వైపు తిప్పించి, బాయిలర్‌కు సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తీసే పరికరం) నీళ్లు పెట్టించారు. తర్వాత జనరల్ క్లీనింగ్‌లో క్యాలెండ్రియాకు (ఎవాపరేటర్‌లో ట్యూబులుండే భాగానికి) నీళ్లు పట్టి ఒత్తిడి పెడితే ఒక ట్యూబు లోంచి ధార కట్టింది. దాన్ని ప్లగ్ చేశారు. ఆ రాత్రి ఆయన కాస్త మెత్తబడి ఉంటే బాయిలర్ గతి ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ గుండె దడగానే ఉంటుంది.

జ్యూస్ హీటర్ల సంగతి దీనికి తలకిందులు. అక్కడ రసాన్ని పంపు ఒత్తిడితో తోస్తారు కాబట్టి ట్యూబు చిల్లి పడితే నడుస్తుండగానే రసం కండెన్సేట్‌లోకి వచ్చేస్తుంది. రెండో బాడీ నుంచి వచ్చే కండెన్సేట్‌కు ఇంకో దారి కూడా ఉంది. మొదటి బాడీలో రసం మరీ ఎగసిపడి మరిగితే తుంపరలు ఆవిరితో కొట్టుకొస్తాయి. ఏ లైనులో వలయం వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. లైను మీద కండక్టివిటీ మీటరుంటే అదీ గమనించండి. చక్కెర కరెంటును మోయదు గానీ రసంలోని ఉప్పులు మోస్తాయి, అందుకే రసం కలవగానే ముల్లు లేస్తుంది. మీటరు అనుమానం చెబితే వలయంతో తేల్చుకోండి.

ఇక బాయిలర్ నీళ్లు. హార్డ్‌నెస్‌కు ఈడీటీఏ టైట్రేషన్ మీకు తెలిసిందే. 50 మిల్లీలీటర్ల నమూనా, పీహెచ్ 10 అమ్మోనియా బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ ఇండికేటర్. 0.01 మోలార్ ఈడీటీఏ ఎన్ని మిల్లీలీటర్లు పడితే దాన్ని 20తో గుణిస్తే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు). ఫీడ్ వాటర్‌లో ఇండికేటర్ వేయగానే నీలంగానే ఉండాలి. ఎర్రటి ఛాయ కనిపించిందంటే సాఫ్ట్‌నర్ రెసిన్‌కు ఉప్పునీళ్లతో రీజనరేషన్ చేసే టైమ్ అయిందని. నీళ్లలో మెగ్నీషియం బొత్తిగా లేకపోతే రంగు మార్పు స్పష్టంగా రాదు, బఫర్‌లో కాస్త మెగ్నీషియం ఈడీటీఏ కలుపుకుంటే సరిపోతుంది.

బాయిలర్ లోపలి నీళ్లకు పీహెచ్, ఆల్కలినిటీ (క్షారత్వం), టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం), ఫాస్ఫేట్, సల్ఫైట్ చూడాలి. ఫినాఫ్తలీన్‌తో వచ్చేది పీ, మిథైల్ ఆరెంజ్‌తో వచ్చేది ఎం. పీ రెట్టింపు ఎం కన్నా ఎక్కువైతే ఆ తేడాయే కాస్టిక్ ఆల్కలినిటీ. పీ 300, ఎం 400 వస్తే కాస్టిక్ 200 అన్నమాట. టీడీఎస్ పరిమితి బాయిలర్ ఒత్తిడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఐఎస్ 10392 ప్రమాణంలో సుమారు 20 కేజీల (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి దాకా 3500, 40 దాకా 2500, 60 దాకా 1500 పీపీఎం. పాత ఫ్యాక్టరీల్లో 21 కేజీల బాయిలర్లుండేవి. ఇప్పుడు కోజనరేషన్‌కు (ఆవిరితో కరెంటు కూడా తయారుచేయడానికి) 67, 87 కేజీలవి వచ్చాయి. అక్కడ సాఫ్ట్‌నర్ చాలదు, లవణాలన్నీ తీసేసే డీఎం ప్లాంటు కావాలి. సిలికా కూడా అక్కడే అసలు సమస్య, ఎక్కువ ఒత్తిడిలో అది ఆవిరితో కలిసిపోయి టర్బైన్ బ్లేడ్ల మీద గాజు పొరలా కూర్చుంటుంది. మీ బాయిలర్ తయారీదారు ఇచ్చిన షీట్‌లో ఏముందో అదే మీకు ప్రమాణం, దాన్ని ల్యాబ్ గోడకు అంటించండి.

క్లోరైడ్ పరీక్షను చాలామంది మొక్కుబడిగా చేస్తారు. నాకైతే అది చాలా ఇష్టమైన పరీక్ష. క్లోరైడ్ ఏ మందుతోనూ కిందికి దిగదు, ఆవిరితోనూ పోదు. బాయిలర్ నీళ్ల క్లోరైడ్‌ను ఫీడ్ క్లోరైడ్‌తో భాగిస్తే నీళ్లు ఎన్నింతలు చిక్కబడ్డాయో తెలుస్తుంది, బ్లోడౌన్ (చిక్కబడిన నీళ్లు కొంత బయటికి వదలడం) ఎంత ఇవ్వాలో దాన్ని బట్టి చెప్పొచ్చు.

బోరు నీళ్ల మాటకొస్తే, బాయిలర్ సంగతి తర్వాత, ప్రాసెస్‌కే అవి చెరుపు. లెక్క చూడండి. రోజుకు 2500 టన్నులు ఆడే ఫ్యాక్టరీలో చెరకు మీద 30 శాతం ఇంబిబిషన్ అంటే 750 టన్నుల నీళ్లు. 400 పీపీఎం హార్డ్‌నెస్ ఉన్న బోరు నీళ్లు వాడితే రోజుకు 300 కిలోల కాఠిన్య లవణాలను మన చేతులతో మనమే రసంలో పోసినట్టు. అందులో కొంత ఎవాపరేటర్ ట్యూబులకు స్కేలుగా (గట్టి పొరగా) పడుతుంది, కొంత పంచదారలో బూడిదగా చేరుతుంది. సోడియం, పొటాషియం లవణాలైతే చక్కెరను స్ఫటికాలు కట్టనివ్వకుండా మొలాసిస్‌లోకి లాక్కుపోతాయి. తెలంగాణ బోర్లలో హార్డ్‌నెస్, కోస్తాలో సముద్రానికి దగ్గరి బోర్లలో క్లోరైడ్ ముందు చూడండి. ఇనుమున్న నీళ్లను సెంట్రిఫ్యూగల్ దగ్గరికి అసలు రానివ్వకండి, చెరకులోని ఫినాల్ పదార్థాలతో కలిసి రంగు ముదురుతుంది. బాయిలర్‌కు కూడా బోరు నీళ్ల అవసరం ఎక్కువగా పడేది సీజన్ మొదట్లో, ఇంకా కండెన్సేట్ తయారుకాని రోజుల్లో. సాఫ్ట్‌నర్‌ను అప్పుడు రోజుకు ఎన్నిసార్లు చూసినా తప్పులేదు.

స్ప్రే పాండ్ నీళ్లలో లేత వలయాన్ని చిన్నచూపు చూడొద్దు. గంటకు 1000 టన్నుల నీళ్లు తిరుగుతున్నాయనుకుంటే, కండెన్సర్‌కు పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ చక్కెర 10 పీపీఎం పెరిగినా గంటకు 10 కిలోలు, రోజుకు 240 కిలోల చక్కెర నీళ్లపాలు. అదే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి కాబట్టి లోపలికి పోయేవి, బయటికి వచ్చేవి రెండూ తీసి పోల్చాలి. పాండ్ నీళ్లు పులిసిన వాసన వేస్తూ పీహెచ్ పడుతుంటే పాన్‌లలో (సిరప్‌ను మరిగించి పంచదార గింజ కట్టించే పాత్రల్లో) ఎక్కడో సిరప్ ఎగిరిపోతోందని చెప్పండి. సున్నం వేసి పీహెచ్ సరిచేసినంత మాత్రాన పోయిన చక్కెర తిరిగిరాదు.

డ్రైన్ నీళ్లను బయటి ల్యాబ్‌కు పంపితే చాలదా అని కూడా రాశారు. కేంద్రం 2016లో సవరించిన ప్రమాణాల ప్రకారం కాలువలోకి వదిలే నీళ్లలో బీఓడీ (మలినాలు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 30, పొలాలకు పెడితే 100 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 5.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. మొత్తం వదిలేది టన్ను చెరకుకు 200 లీటర్లు మించకూడదు. బీఓడీకి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది. అంటే రిపోర్టు వచ్చేసరికి ఆ నీళ్లు ఊరు దాటిపోయి ఉంటాయి. ఒక కిలో చక్కెర పూర్తిగా కుళ్లడానికి 1.12 కిలోల ఆక్సిజన్ కావాలి, అది కాలువలో చేపలు పీల్చే ఆక్సిజనే. దిగువన ఆ నీళ్లు పశువులు తాగుతాయి, పొలాలకు పారతాయి. కాబట్టి బయటి రిపోర్టు రికార్డు కోసం తప్పకుండా తెప్పించండి, కానీ డ్రైన్ దగ్గర ప్రతి షిఫ్టులో పీహెచ్, ఆల్ఫా నాఫ్తాల్ మీరే చూడండి. నమూనా ఉదయం తేటగా పారుతున్నప్పుడు కాకుండా ఫ్లోర్ కడిగే టైమ్‌లో, ఎవాపరేటర్ క్లీనింగ్ కాస్టిక్ బయటికొచ్చే టైమ్‌లో తీయండి. అప్పుడు ఊదా రంగు వస్తే ల్యాబ్‌కు తిరిగి వెళ్లకుండా డ్రైన్ పట్టుకుని పైకి నడవండి. చాలాసార్లు ఏదో సిరప్ పంపు గ్లాండ్ కారుతూ కనిపిస్తుంది, ఫిట్టర్‌ను పిలిస్తే అప్పటికప్పుడే బిగిస్తాడు.