బైలాస్‌లో ‘సభ్యుడు/సభ్యురాలు’ గోల తప్పాలంటే

అపార్ట్‌మెంట్ సంఘం నియమావళి తెలుగులో రాస్తుంటే ప్రతి వాక్యంలో ‘సభ్యుడు/సభ్యురాలు, అతడు/ఆమె’ అని గీతలు పెట్టలేక విసుగొస్తోందన్నారు కదా. ‘పుంలింగం వాడినా స్త్రీలకూ వర్తిస్తుంది’ అని మొదట్లో ఒక్క ముక్క రాస్తే చాలదా అని కూడా అడిగారు.

చట్టపరంగా అది కొత్తేమీ కాదు. చట్టాల్లోని పదాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్‌లో ఉన్నది అదే. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని తిరగేసింది. అందులో ఎవరి గురించైనా ‘ఆమె’ అనే రాశారు. అయినా మీకు ఆ ముక్కే అక్కర్లేదు.

తెలుగులో ‘చెల్లించాలి’, ‘ఓటు వేయవచ్చు’, ‘అడ్డుకోరాదు’ వంటి క్రియలకు లింగమే లేదు. నియమావళిలో నూటికి తొంభై వాక్యాలు ఇలాగే ముగుస్తాయి. ‘తన’ కూడా అందరికీ సరిపోతుంది. మీ వాక్యం చూడండి: ‘సభ్యుడు/సభ్యురాలు అతని/ఆమె ఫ్లాట్ మెయింటెనెన్స్‌ను 10వ తేదీలోగా చెల్లించవలెను.’ దీన్ని ‘ప్రతి యజమాని తన ఫ్లాట్ మెయింటెనెన్స్‌ను 10వ తేదీలోగా చెల్లించాలి’ అనండి, సరిపోతుంది.

కార్యదర్శి, కోశాధికారి ఎలాగూ ఇద్దరికీ పనికొస్తాయి. చిక్కల్లా ‘అధ్యక్షుడు’తోనే. నేనైతే ‘అధ్యక్ష పదవిలో ఉన్నవారు’ అంటాను, కాస్త పొడవైనా సరే. ‘ప్రతి సభ్యులు’ అని మాత్రం రాయకండి, వ్యాకరణం ఒప్పుకోదు. ‘ప్రతి సభ్యుడు’ వచ్చినచోట ‘సభ్యులందరూ’ అని మార్చేయండి.