ఇంట్లో జిమ్మీ ఉంది, చంటిబిడ్డను తీసుకువెళ్లేదెలా?

ప్రశ్న: మాది గుంతకల్లు, నన్ను ప్రొద్దుటూరుకు ఇచ్చారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాను. పాపకు నాలుగు నెలలు నిండుతున్నాయి. ఏప్రిల్ నెలాఖరులో అత్తగారింటికి పంపాలని పెద్దలు నిశ్చయించారు. అక్కడ ఏడేళ్లుగా జిమ్మీ అనే నాటుకుక్క ఉంది. మా మామగారికి అదంటే ప్రాణం. నేను కడుపుతో ఉన్నప్పుడు ఒకరోజు అది సంగటి తింటుండగా దగ్గరికి వెళ్లిన పక్కింటి మూడేళ్ల పిల్లవాడి మీద గుర్రుమనడం కళ్లారా చూశాను. కరవలేదు గాని, ఆ గుర్రు నా చెవుల్లోంచి పోవడం లేదు. దాన్ని ఎక్కడైనా వదిలి రమ్మని నా భర్తతో అంటే, నాన్నతో ఆ మాట చెప్పలేనన్నారు. మామగారికి ఎలాగో తెలిసి, "పాపకంటే ముందు వచ్చింది అది, ఇన్నేళ్లలో ఒక్కరినీ కరవలేదు" అన్నారట. కుక్క ఉంటే నేను రానని చెప్పేశాను. మా అమ్మేమో, "మనింట్లో పిల్లి ఉయ్యాల చుట్టూ తిరగడం లేదా, దీనికింత పంతమా" అంటోంది. తప్పు నాదేనా?

జవాబు: మీరు భయపడటంలో తప్పు లేదు. ఆ భయాన్ని "అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అనే షరతుగా మార్చడంలోనే చిక్కు వచ్చింది. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నింటికంటే బరువుగా కనిపించిన మాట మామగారిది కాదు, మీ భర్తది కాదు. సంగటి తింటూ జిమ్మీ గుర్రుమన్నదన్న మాట. ఏడేళ్లలో ఎవరినీ కరవలేదన్న మామగారి మాట నిజమే కావచ్చు, అయితే ఆ ఏడేళ్లలో దాని పళ్లెం దగ్గరికి నేలమీద పాకుతూ వచ్చి, అందులో చెయ్యి పెట్టి, చెవి పట్టి గుంజే ప్రాణి ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. పసిపిల్లలను కరిచేవి వీధిలోని పిచ్చికుక్కలు మాత్రమే కావు, వాళ్లు ఎరిగిన కుక్కలు కూడా. పిల్లల ఎత్తు తక్కువ కాబట్టి ఆ కాట్లు ముఖం మీద, మెడ మీద పడతాయి. కనుక మీరు చూసింది చిన్న విషయం కాదు. మామగారికి ఈ సంగతిని ఫిర్యాదుగా కాక, మీరు కళ్లతో చూసిన సంగతిగా చెప్పి తీరాలి.

ఇక "వదిలి రావడం" గురించి. ఏడేళ్లు ఒక వాకిట్లో తిని పడుకున్న కుక్కను ఏ బైపాసు పక్కనో దించి వస్తే, అది ఆకలితో తిరుగుతుంది, లేదా వారం తిరిగేసరికి మీ వాకిట్లోనే ఉంటుంది. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. అన్నింటికీ మించి, ఆ పని మీ మాట మీద జరిగిందన్న సంగతి మామగారి మనసులో ఎన్నేళ్లయినా ఉండిపోతుంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న తర్వాత కూడా జిమ్మీ తీరు మారకపోతే, తోట ఉన్న బంధువుల దగ్గరికి పంపడం మర్యాదైన మార్గమే, అయితే ఆ నిర్ణయం మామగారి నోటినుంచే రావాలి.

నా ఉద్దేశంలో మీ సమస్యకు తాళంచెవి అక్కడే ఉంది. కుక్క ఎవరి మాట వింటుందో వాళ్లే కాపలాదారు కావాలి. ఇప్పటివరకు మీరు భర్త ద్వారా చెప్పించాలని చూశారు, ఆయన మధ్యలో నలిగి నోరు విప్పలేకపోయారు, కబురు ఎలాగో సగంగా మామగారికి చేరింది. మీరే నేరుగా ఫోన్ చేసి, "మామా, జిమ్మీని పంపేయమన్నది నేను భయంతో అన్న మాట. అది మీ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. పాప కింద ఉన్నంతసేపు దాన్ని మీరే చూసుకోవాలి. మీరు ఇంట్లో లేనప్పుడు అది పెరట్లో, తలుపు అవతలే ఉండాలి. ఈ ఒక్క మాట ఇవ్వండి, నేను వస్తాను" అని చెప్పి చూడండి. కోడలు తన కుక్కను వెళ్లగొట్టమంటే ఎదురు నిలిచే మనిషి, మనవరాలి కాపలా తనకు అప్పగిస్తే సాధారణంగా కాదనడు. ఆడవాళ్లంతా వంటింట్లో, మగవాళ్లంతా బయట ఉండే వేళల్లో ఈ బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోకపోతే, అది ఎవరిదీ కాకుండా పోతుంది.

మీరు వెళ్లేలోగా వాళ్లు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది కాబట్టి వైద్యానికి వెతుక్కునే పని లేదు. జిమ్మీకి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నారా, చివరిసారి వేసిన తేదీ కార్డులో ఉందా అన్నది చూడాలి. "అప్పుడెప్పుడో వేయించాం" అన్నది లెక్కలోకి రాదు. మూడు నెలలకోసారి నట్టల మందు, ఒంటిమీద పిడుదులు, గోమార్లు లేకుండా మందు, గోళ్లు కత్తిరించడం ఇవన్నీ ఒకే పూటలో అయ్యే పనులు. దాని పళ్లు, చెవులు, కీళ్లు కూడా చూడమని డాక్టరుకు చెప్పండి. ఏడేళ్ల కుక్కకు పంటినొప్పో కీళ్లనొప్పో ఉండవచ్చు, నొప్పిలో ఉన్న జంతువు ముట్టుకుంటేనే చిరాకు పడుతుంది. ఆ గుర్రుకు సగం కారణం అదే కావచ్చు.

అది ఇప్పుడు మీ గదిలోనో గది గడప దగ్గరో పడుకునే అలవాటు ఉంటే ఆ చోటు ఇప్పుడే మార్చాలి. పాప వచ్చిన రోజునే దాన్ని గదిలోంచి గెంటేస్తే, పాప వాసనకూ తన చోటు పోవడానికీ అది ముడిపెట్టుకుంటుంది. పాప ఒంటికి కప్పిన పాత గుడ్డ ఒకటి మీ భర్త వచ్చినప్పుడు పంపండి, మామగారు దాన్ని దూరం నుంచి వాసన చూపించి, అది నెమ్మదిగా ఉంటే మెచ్చుకుని, గుడ్డను తిరిగి తీసుకోవాలి.

వెళ్లిన రోజు పాపను మీరు ఎత్తుకుని గడప దాటవద్దు. ఇన్ని నెలల తర్వాత మిమ్మల్ని చూసి జిమ్మీ మీదికి ఎగురుతుంది. అది ప్రేమే, అయినా ఆ ఎగురుడులో గోరు ఎక్కడ తగులుతుందో చెప్పలేం. హారతి పట్టే హడావుడిలో ఈ సంగతి అందరూ మరచిపోతారు. పాపను మీ అమ్మగారో భర్తో బయట పట్టుకుంటే, మీరు వట్టి చేతులతో ముందు లోపలికి వెళ్లి దాన్ని పలకరించండి. దాని ఉత్సాహం తీరిన తర్వాత మామగారు గొలుసు పట్టుకుని కూర్చుంటే, కొన్ని అడుగుల ఎడంలో పాపను చూపించవచ్చు. ముఖం నాకనివ్వడం, పాపను దాని వీపు మీద కూర్చోబెట్టి ఫోటో తీయడం వంటివి ఆ రోజే కాదు, ఏ రోజూ వద్దు.

ఇంటి లోపలి సంగతికి వస్తే, మన ప్రాంతపు ఎండాకాలాన్ని మరచిపోకూడదు. మే నెలలో ఇంట్లో చల్లగా ఉండేది ఒక్కటే చోటు, పడసాలలో కడప బండలు పరచిన నేల. మీ అత్తగారు పాపకు చాప వేసేది అక్కడే, జిమ్మీ పొట్ట ఆనించి పడుకునేదీ అక్కడే. ఇద్దరికీ ఒకే చోటు కుదరదు. మధ్యాహ్నం పూట దానికి పెరటి పంచలో తడిపిన గోనెసంచి, నీళ్ల తొట్టి ఏర్పాటు చేసి, పడసాలకూ పెరటికీ మధ్య జాలీ తలుపు పెట్టించండి. తలుపు మూసినా అది మనుషులను చూస్తూ ఉంటుంది కాబట్టి ఒంటరిదాన్ని చేశారని అరవదు. చీర ఉయ్యాల కట్టేటప్పుడు పాప బరువుకు అది ఎంత కిందికి సాగుతుందో చూసుకోండి. చాలా ఇళ్లలో ఉయ్యాల అడుగు సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది. కక్కిన పాలతో తడిసిన గుడ్డలు, మురికి లంగోటీలు నేలమీద పడేస్తే ఆ వాసనకు కుక్క పాప పక్కకే చేరుతుంది. గొడుగు దోమతెర దోమలను ఆపుతుందే గాని కుక్కనూ పిల్లినీ ఆపదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పరుగెత్తేటప్పుడు కూడా పాపను వెంట తీసుకువెళ్లాలి, లేదా కుక్కను తలుపు అవతలికి పంపాలి. ఈ ఒక్క నియమంలో మాత్రం సడలింపు లేదు.

రోజంతా గొలుసుతో కట్టేయడం పరిష్కారమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. కట్టేసిన కుక్కకు పారిపోయే దారి ఉండదు కాబట్టి అది త్వరగా మీదికి వస్తుంది. అలాగే గుర్రుమన్నప్పుడు కర్రతో కొట్టడం మానాలి. గుర్రు అన్నది "ఇక దగ్గరికి రావద్దు" అని అది చెప్పగలిగిన ఆఖరి మాట. కొట్టి ఆ మాట మాన్పిస్తే, మరుసటిసారి అది చెప్పకుండానే కరుస్తుంది. దానికంటే ముందు వచ్చే సంకేతాలను ఇంట్లో అందరూ గుర్తుపట్టాలి: ఊరికే ఆవులించడం, మూతి నాక్కోవడం, తల తిప్పేసుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఒళ్లు బిగబట్టడం.

అసలు పరీక్ష పాప పాకడం మొదలుపెట్టిన నాడు వస్తుంది. ఒళ్లో ఉన్న పాపను జిమ్మీ ఐదు నెలలు సహించిందని అందరూ ధీమాగా ఉన్న సమయంలోనే ఆ చిన్న చెయ్యి దాని తోక పడుతుంది. మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పదేళ్లు నిండిన మా కుక్క ఎవరినీ పల్లెత్తి అరిచేది కాదు. ఒక సాయంత్రం మా మనవరాలు దాని గిన్నె వైపు పాకింది. అది తినడం ఆపింది, అరవలేదు, తల గిన్నె మీదే ఉంచి రాయిలా నిలబడింది. గదిలో నలుగురం ఉన్నాం, అది ఎంత ముద్దుగా ఆగిందో చూడమన్నాం. మా కోడలు ఒక్కతే లేచి వెళ్లి బిడ్డను ఎత్తుకుంది. ఆ నిలబడటం ముద్దు కాదని నాకు తర్వాత అర్థమైంది. అప్పటినుంచి దానికి తిండి పెరట్లో తలుపు వేసి పెట్టి, తిన్న వెంటనే గిన్నె తీసేసేవాళ్లం. జిమ్మీ సంగటి పళ్లానికి ఈ ఏర్పాటు పాప పాకేదాకా ఆగకుండా మొదటి రోజునుంచే చేయించండి.

మీ అమ్మగారి ఇంట్లో పిల్లి గురించి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఎదుటి వాళ్లింటి కుక్క భయపెడుతుంది, మన పుట్టింటి పిల్లి కనబడదు. ఇది మీ ఒక్కరికే కాదు, మనుషులందరికీ ఉన్నదే. పిల్లి పసిబిడ్డ ఊపిరి తాగేస్తుందన్నది వట్టి మాట. కాని అది వెచ్చదనం కోసం ఉయ్యాలలో దూరి పాప ముఖం పక్కన ముడుచుకుంటే, మెడ తిప్పుకోలేని బిడ్డకు ఊపిరాడదు. పాప నిద్రపోయే గది తలుపు మూసి ఉంచమని మీ అమ్మగారికి ఈ రోజే చెప్పండి.

ఎన్ని చేసినా ఎప్పుడైనా గోరు గీసుకున్నా, పన్ను దిగినా, పుండు మీద నాకినా, గాయాన్ని సబ్బుతో, కొళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ రాయకూడదు. తర్వాత ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, కుక్కకాటు టీకా అక్కడ ఉచితంగా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో పడాలి. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా వేస్తారు. బొడ్డు చుట్టూ 14 సూదులన్నది పాతకాలపు సంగతి. జిమ్మీకి టీకా ఉందని ఆగవద్దు. దాన్ని పది రోజులు గమనించడం, పాపకు టీకా మొదలుపెట్టడం రెండూ ఒకేసారి జరగాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు, ముందే వేసిన టీకా మాత్రం కాపాడుతుంది. 1885 జులై 6న ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఈ టీకా మొదలుపెట్టాడు, ఆ బాలుడు బతికాడు. ఆ తేదీ గుర్తుగానే ఏటా జులై 6న మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. జిమ్మీ కార్డులో చివరి తేదీ ఖాళీగా ఉంటే మాత్రం ఆ రోజు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఒక మాట మీ గురించి. రాత్రిళ్లు పాప లేస్తుంటే మీకు నిద్ర కరువై ఉంటుంది. నిద్రలేని బాలింతకు చిన్న భయం కూడా కొండంత అవుతుంది. ఆ గుర్రు గుర్తొచ్చి గుండె దడదడలాడటం, పాపను ఎవరి చేతికీ ఇవ్వలేకపోవడం వంటివి ఉంటే, తర్వాతి టీకాకు వెళ్లినప్పుడు డాక్టరుతో సిగ్గుపడకుండా చెప్పండి. మీ భర్తకు కూడా ఒక పని అప్పగించండి: జాలీ తలుపు, పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడం. తండ్రితో మాట్లాడలేని మనిషి పనిచేసి చూపించగలడు.

మామగారికి ఫోన్ మాత్రం మీరే చేయండి, ఈ సాయంత్రమే. జిమ్మీకి సంగటి కలిపే వేళకు కాస్త ముందు చేస్తే ఆయన వాకిట్లో తీరికగా కూర్చుని ఉంటారు, అది కూడా ఆయన పక్కనే ఉంటుంది.