పదిహేనేళ్ల గొంతు

ప్రశ్న: అమెరికన్ అమ్మాయిల బృందం షాంగ్రి-లాస్ అంత తొందరగా ఎందుకు కనుమరుగైంది?

జవాబు: ఆ పేరు వింటే చాలు, నా చెవుల్లో మోటార్‌సైకిల్ మోత మొదలవుతుంది. 'లీడర్ ఆఫ్ ది ప్యాక్' మొదట్లో అమ్మాయిలు పాడరు, స్నేహితురాలి ప్రేమ సంగతి ఆరా తీస్తూ మాట్లాడుకుంటారు. ఆ తర్వాత బండి రొద, చివరికి ప్రమాదం. 1964 నవంబరులో ఆ పాట అమెరికాలో నంబర్ వన్. అప్పటికి ప్రధాన గాయని మేరీ వైస్‌కి పదిహేనేళ్లే! ఆ గొంతులోని ఏడుపు నటనంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతపు పిల్లలు వాళ్లు. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇద్దరు కవలలు. ఇక మీరడిగిన కారణానికొస్తే, 1966లో వాళ్ల రికార్డుల కంపెనీ రెడ్ బర్డ్ మూతపడింది. వేరే కంపెనీకి మారినా పెద్ద హిట్లు రాలేదు. పైగా కోర్టు చిక్కులు. 1968కల్లా విడిపోయారు. కవలల్లో మేరీ ఆన్ గాన్సర్ 1970లో, 22 ఏళ్లకే చనిపోయింది. తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మేరీ వైస్ తొలి సొంత ఆల్బమ్ 2007లో వచ్చింది. దొరికితే తప్పకుండా వినండి.