ఒక్క కనెక్షన్, మూడు కంప్యూటర్లు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రౌటర్ కింద హాల్లో ఉంది. మేడ మీద పిల్లల రెండు కంప్యూటర్లకు వైఫై అందక ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోతోంది. ఇంకో కనెక్షన్ తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదమ్మా, నెలనెలా ఆ డబ్బు దండగ. శ్లాబు దాటేసరికి సిగ్నల్ నీరసిస్తుంది, వైఫైలో వేగం ఎక్కువగా ఉండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అయితే మరీను. రౌటర్ వెనక లాన్ అని రాసి ఉన్న పోర్టు నుంచి క్యాట్ 6 కేబుల్ (నెట్‌వర్క్ తీగ) పైకి లాగించండి. 100 మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు. పైన చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ఒక కేబుల్‌తో వచ్చే నెట్‌ను చాలా కంప్యూటర్లకు పంచే పెట్టె) పెట్టి రెండు కంప్యూటర్లనూ దానికే కలపండి. విజయవాడలో మా ఇంట్లోనూ ఇదే పద్ధతి. పాత రౌటర్ మూలన పడి ఉంటే స్విచ్ బదులు అదీ పనికొస్తుంది: డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు దానంతటదే అడ్రసులు ఇచ్చే సెట్టింగు) ఆపి, ఆ పాత రౌటర్ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు) కింది రౌటర్‌ది కాకుండా మార్చి, కేబుల్‌ను లాన్ పోర్టులోనే పెట్టాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎవరెంత తేలికన్నా కరెంటు తీగలున్న పైపులోంచి ఈ కేబుల్ లాగనివ్వకండి. పిల్లలు తిరిగే ఇల్లు.