చెక్క రోలర్ కోస్టర్ల యాత్ర కోసం 401(కె) నుంచి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మా వారిది హెచ్-1బి ఉద్యోగం, నాకు పని చేసే అనుమతి లేదు. పదకొండేళ్ల మా అబ్బాయికి పాతకాలపు చెక్క రోలర్ కోస్టర్లంటే ప్రాణం. పాపకు ఆరేళ్లు. విజయవాడ నుంచి వచ్చిన అత్తగారు, మామగారు అక్టోబరు దాకా మాతోనే ఉంటారు. వాళ్లు ఉండగానే, ఆగస్టులో, పెన్సిల్వేనియాలోని చిన్న పార్కులను ఎనిమిది రోజులపాటు కారులో చుట్టి రావాలని ఉంది. 4,500 డాలర్లు అవుతుందని లెక్క తేలింది. పొదుపు ఖాతాలో 6,000 ఉన్నాయి, నెలకు 900 మిగులుతుంది. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీకి 3,200 బాకీ ఉంది. ఈ ఏప్రిల్‌లో పన్ను రీఫండు 1,400 వస్తుంది. ఉద్యోగం ద్వారా పదవీ విరమణ కోసం దాచుకునే 401(కె) ఖాతా నుంచి అప్పు తీసుకుందామని మా వారు, వచ్చే ఏడాది చూద్దామని నేను అంటున్నాం. ఏది మంచిది?

జవాబు: అప్పూ వద్దు, వాయిదా కూడా వద్దు. ఎనిమిది రోజుల యాత్రను అయిదు రోజులకు కుదించి, ఈ ఆగస్టులోనే, చేతిలో ఉన్న డబ్బుతో వెళ్లి రండి.

వాయిదా వద్దనడానికి కారణం ముందు చెబుతాను. మీ అత్తమామలు వచ్చే వేసవికి మళ్లీ రాగలరో లేదో మనం చెప్పలేం. పార్కుల విషయంలో కూడా ఆ భరోసా లేదు. ఆ రాష్ట్రంలోనే కానియట్ లేక్ పార్కులో 1938లో కట్టిన బ్లూ స్ట్రీక్ అనే చెక్క కోస్టర్ ఉండేది. దాన్ని కూలదోస్తుండగా 2022 జనవరిలో నిప్పంటుకుని కాలిపోయింది. పదకొండేళ్ల పిల్లవాడికి ఇప్పుడున్న ఇష్టం పదహారేళ్లకు ఇలాగే ఉండాలనీ లేదు. ఇవి వడ్డీ లెక్కలో కనబడని నష్టాలే అయినా, సలహా చెప్పేటప్పుడు నేను వాటిని తప్పక లెక్కలోకి తీసుకుంటాను.

ఇక 401(కె) అప్పు. వడ్డీ మన ఖాతాకే చేరుతుంది కదా అన్నది మీ వారి ఆలోచన అయి ఉండవచ్చు, అందులో తప్పు లేదు. అయితే ఆ అప్పు తీరకముందే ఉద్యోగం పోతే, మిగిలిన మొత్తాన్ని సాధారణంగా ఆ ఏడాది పన్ను రిటర్ను దాఖలు గడువులోగా తిరిగి కట్టాలి. కట్టలేకపోతే దాన్ని ఖాతా నుంచి తీసేసుకున్న సొమ్ముగా పరిగణించి ఆదాయపు పన్ను వేస్తారు, యాభైతొమ్మిదిన్నర ఏళ్లు నిండనివారి మీద మరో 10 శాతం అదనంగా పడుతుంది. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక మరో సంస్థను వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులే. ఒక్క జీతం మీద ఆరుగురు బతుకుతున్న ఇంట్లో, జీతం ఆగిన కష్టకాలంలో ఈ బాకీ కూడా మెడకు చుట్టుకోకూడదు. అదే కారణంతో ఆ 6,000ను యాత్రకే కాదు, కార్డు బాకీకి కూడా ముట్టుకోవద్దంటున్నాను. 24 శాతం వడ్డీ కడుతూ నగదును ఊరికే ఉంచుకోవడం మామూలుగా తెలివైన పని కాదు, కానీ మీ పరిస్థితిలో ఆ నగదు ఇంటి అద్దెకు, అవసరమైతే ఇండియా టికెట్లకు పూచీ.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీ కార్డు బాకీకి ఇప్పుడు నెలకు దాదాపు 64 డాలర్లు వడ్డీకే పోతోంది. రీఫండు చేతికి రాగానే ఆ 1,400, దానితోపాటు ఏప్రిల్, మే నెలల్లో మిగిలే 1,800 కార్డుకు కట్టండి. ఈలోగా పడే వడ్డీ సుమారు వంద డాలర్లను జూన్‌లో తీర్చేస్తే బాకీ పూర్తిగా పోతుంది. జూన్, జూలై, ఆగస్టు మొదట్లో మిగిలేవి కలిపి 2,700. అందులో ఆ వంద పోగా మిగిలిన 2,600లో యాత్ర ముగిసిపోవాలి.

మీ 4,500 లెక్కలో బరువంతా రోజులదే. ఏడు రాత్రులు, రెండేసి గదులు, గదికి 140 చొప్పున 1,960 అవుతోంది. నాలుగు రాత్రులయితే 1,120. ఏడు సీట్ల అద్దె వ్యానుకు రోజుకు 90 అంటున్నారు కాబట్టి అయిదు రోజులకు 450, పెట్రోలుకు 130 వేసుకోండి. ఇందుకోసం ఈరీలోని వాల్డమీర్ పార్కును వదులుకోవలసి ఉంటుంది. రోడ్డు మీదుగా దాటిపోయే రవీన్ ఫ్లయర్ 2 అనే చెక్క కోస్టర్ అక్కడే ఉంది కాబట్టి మీ అబ్బాయి బాధపడతాడని తెలుసు. కానీ పిట్స్‌బర్గ్ నుంచి అక్కడికి వెళ్లడానికే దాదాపు 130 మైళ్లు.

టికెట్ల దగ్గర మీరు నాలుగు పార్కులకూ ఆరుగురికీ పూర్తి ధర లెక్కవేసి 1,080 రాశారు. ఎలీస్‌బర్గ్‌లోని కనోబెల్స్‌లో ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్ రుసుము లేదు, ఎక్కిన రైడ్‌కే టికెట్. చెట్ల నీడలో కూర్చునే అత్తమామలకు రూపాయి ఖర్చుండదు, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం అక్కడే తినవచ్చు. 1926లో మొదలైన ఈ కుటుంబ పార్కు, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మూతపడిన పార్కులో వృథాగా పడి ఉన్న కోస్టర్‌ను కొని, విప్పించి, తెప్పించి 1985లో మళ్లీ నిలబెట్టింది. ఆ ఫీనిక్స్‌ను నేటికీ చెక్క కోస్టర్ల అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. మీ అబ్బాయికి ఒక రోజంతా అక్కడే ఇవ్వండి. ఇక్కడ 120 చాలు.

లిగోనీర్ దగ్గరి ఐడిల్‌వైల్డ్ మీ పాప వయసుకు తగిన చోటు, 1938 నాటి రోలో కోస్టర్ కూడా ఉంది. ఆరుగురికీ 270 ఉంచండి. పిట్స్‌బర్గ్ పక్కనున్న కెన్నీవుడ్‌లో మాత్రం ఖర్చు తగ్గించుకోవచ్చు. మీరు అత్తమామలతో పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయంలో ఆ పూట గడపండి, మీ వారు పిల్లలిద్దరినీ తీసుకుని 1920 నాటి జాక్ ర్యాబిట్, 1927 నాటి రేసర్ అనే చెక్క కోస్టర్లు ఎక్కించి తీసుకువస్తారు. ఆరు టికెట్ల బదులు మూడు, అంటే 135. భోజనాలకు 275 కలిపితే మొత్తం సరిగ్గా 2,500 అవుతుంది. మిగిలిన వంద టోల్‌గేట్లకు.

మీ అత్తమామల ప్రయాణ బీమా కాగితం ఇప్పుడే తీసి చూడండి. ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని పరిమితి పెట్టే చౌక పాలసీ అయితే, ఒక్క అత్యవసర చికిత్స బిల్లు ఈ యాత్ర ఖర్చుకు అనేక రెట్లు కావచ్చు. మొత్తం ఖర్చులో అధిక భాగం భరించే పాలసీకి మారే వీలుంటే ఆ ప్రీమియం తేడాను యాత్ర డబ్బులో కోత పెట్టి అయినా కట్టండి. అద్దె వ్యాను తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గర అమ్మే బీమా కొనే ముందు, మీ సొంత కారు పాలసీ అద్దె వాహనానికి వర్తిస్తుందేమో అడగండి.

గదులను రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకోండి. ఆగస్టు చివరికి బడులు తెరిచేసరికి చిన్న పార్కులు వారపు రోజుల్లో మూసి ఉంచడం మామూలు. మూడో వారం దాటకుండా, ప్రతి పార్కు క్యాలెండరు చూశాకే తేదీలు ఖాయం చేయండి. పాపను గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో సరిచూసుకున్న తరువాతే తనకు టికెట్ కొనండి.