జబ్బు పడనివారి దగ్గర మొదలుపెట్టు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి శిష్యురాలికి శుభాశీస్సులు.

విజయవాడలో మీ కళాశాల విద్యార్థులకు ఎపిడెమియాలజీని, అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో వెదికే శాస్త్రాన్ని, ఆన్‌లైన్‌లో, ప్రాజెక్టుల ద్వారా బోధించే పని నీకు అప్పగించారని ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించానమ్మా. ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావు. జబ్బు పడనివారి దగ్గర మొదలుపెట్టు.

మూడు దశాబ్దాలు ఈ పాఠం చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. వైద్య విద్యార్థి చూపంతా మంచం మీది రోగి పైనే ఉంటుంది. అదే భోజనం తిని, అదే నీళ్ళు తాగి, ఏమీ కాకుండా ఇంటికి వెళ్ళినవారి సంగతి అడగాలని అతనికి తోచదు. అది తోచేలా చేయగలిగితే నీ ప్రాజెక్టు సగం ఫలించినట్లే.

నేను తయారుచేసుకున్న లెక్క ఒకటి చెబుతాను, వాడుకో. ఒక పెళ్ళిలో మధ్యాహ్నం ఒంటిగంటకు 150 మంది భోంచేశారు. మూడు గంటల నుంచి వాంతులు మొదలై, రాత్రి ఏడు లోపల 55 మంది జబ్బు పడ్డారు. ఆ 55 మందిలో గోంగూర పచ్చడి తిన్నవారు 51 మంది, పెరుగు ఆవడలు తిన్నవారు 48 మంది. ఇంతవరకే చెప్పి ఆపితే, తరగతి మొత్తం గోంగూర మీదే నేరం మోపుతుంది. అప్పుడు మిగిలిన 95 మంది జాబితా చేతికివ్వు. గోంగూర తిన్నవారు మొత్తం 138 మంది కనుక వారిలో జబ్బు పడినవారు నూటికి 37. తినని 12 మందిలోనూ నలుగురు, అంటే నూటికి 33 మంది పడ్డారు. ఆవడలు తిన్న 80 మందిలో 48 మంది, అంటే నూటికి 60. తినని 70 మందిలో ఏడుగురే, అంటే నూటికి 10. గోంగూర గుంటూరు పెళ్ళిలో అందరి విస్తట్లోనూ ఉంటుంది కాబట్టే రోగుల విస్తట్లోనూ కనిపించిందని విద్యార్థి తనంతట తాను గ్రహించే ఆ క్షణం కోసమే ఈ శ్రమంతా. ఆపైన, తిన్న రెండు గంటలకే వాంతులు ఎందుకు మొదలయ్యాయని అడిగితే, పొద్దున కలిపి ఎండపూట బయటే ఉంచిన ఆవడల్లో స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా విషం తయారై ఉండవచ్చన్న ఆలోచన దాకా వాళ్ళే నడిచి వస్తారు.

లండన్‌లో 1854లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసినదీ ఇదే. బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళే కలరా తెచ్చాయని ఆయన కనిపెట్టిన కథ అందరూ చెబుతారు, కానీ ఆ పంపుకు దగ్గరలోనే ఉన్న పేదలను ఉంచి పని చేయించే శ్రమాలయంలో 535 మంది ఉండగా ఐదుగురే ఎందుకు చనిపోయారని ఆయన ఆరా తీసి, అక్కడ సొంత బావి ఉందని తెలుసుకున్న భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నువ్వు వదలవద్దు.

ఇక ఆన్‌లైన్ పద్ధతి గురించి. 2020 లాక్‌డౌన్‌లో నేను చేసిన పొరపాటు చెబితే నీకు ఉపయోగపడుతుంది. సమాచారమంతా శుభ్రంగా పేర్చిన ఒకే పట్టికను అన్ని బృందాలకూ ఒకేసారి పంపాను. ఒక బృందం లెక్క కట్టింది, మిగిలినవి దాన్నే వాట్సాప్‌లో అందుకుని నాకు తిరిగి పంపాయి. ఆ తరువాతి ఏడాది ఒక్కో బృందంలో ఐదుగురినే ఉంచి, ఒక్కో బృందానికి అంకెలు మార్చి, సమాచారాన్ని విడతలుగా ఇచ్చాను: సోమవారం ఆశా కార్యకర్త ఫోనులో చెప్పిన నాలుగు ముక్కలు, బుధవారం సగం ఖాళీలున్న రోగుల జాబితా, శనివారం ప్రయోగశాల నివేదిక. కొత్త విడత అందేముందు ప్రతి బృందమూ తన అనుమానాన్ని రాతపూర్వకంగా పంపాలి. తరువాత మార్చుకోవచ్చు, ఎందుకు మార్చుకున్నారో రాయాలి. మార్కులలో ఎక్కువ భాగం ఆ మార్పుల రాతకే ఇవ్వు, సరైన జవాబుకు తక్కువ చాలు. కేస్ డెఫినిషన్, అంటే ఎవరిని రోగిగా లెక్కించాలన్న నిర్వచనం, మాత్రం నువ్వు ఇవ్వకు. ఎన్ని వాంతులైతే రోగి అనాలో వాళ్ళే వాదించుకుని తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ గీత కాస్త జరిగితే 55 అనే అంకే మారిపోతుంది. తెనాలిలోనో నందిగామలోనో ఇంటి నుంచి ఫోనులో చదివే పిల్లలు ఉంటారు కనుక ఫైళ్ళు చిన్నవిగా ఉంచు, కలుసుకునే సమయం ముప్పావు గంట దాటనివ్వకు.

చివరి ప్రాజెక్టుగా ఏలూరును తీసుకో. 2020 డిసెంబరులో అక్కడ ఉన్నట్టుండి మూర్ఛలతో, స్పృహ తప్పి వందలాది మంది ఆసుపత్రికి చేరిన సంగతి మీ పిల్లలకు గుర్తుండే ఉంటుంది. రక్త నమూనాలలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది, పురుగుమందుల మీదకూ అనుమానం వెళ్ళింది. ఏ కారణమైతే ఏ సమాచారం కనిపించి ఉండాలి, ఏ ఇళ్ళలో జబ్బు రాకుండా ఉండాలి, ఏ నమూనాలు మొదటిరోజే తీసి ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబులు రాయించు. తీర్పు అడగవద్దు. తెలియని చోట తెలియదని రాసిన బృందాన్ని నిండు తరగతిలో మెచ్చుకో.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండు. ఒకసారి నా విద్యార్థి ఒకడు నిజమైన రోగుల జాబితాను పేర్లతో, ఇంటి నంబర్లతో సహా గ్రూపులో పెట్టాడు; నిమిషాలలో తీయించినా, అప్పటికే ఎందరి ఫోన్లలోకి చేరిందో నాకు ఇప్పటికీ బాధే. పేర్లు, ఇంటి నంబర్లు, ఫోను నంబర్లు నువ్వే తొలగించి, పేర్లకు బదులు వరుస సంఖ్యలు వేసిన తరువాతే ఏ జాబితానైనా వాళ్ళకు అందించు.

ఆవడల పట్టిక ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. తరగతికి ఇచ్చేముందు అంకెలు మార్చడం మరవకు.

ఇట్లు,
నీ మాస్టారు