రుషికొండకి ఏ బస్సు ఎక్కాలి: సమాధానం

అమ్మగారితో వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి రుషికొండ బీచ్‌కి సిటీ బస్సులో ఎలా వెళ్లాలని అడిగారు కదండీ. భీమిలి వెళ్లే 900కె ఎక్కండి. ఎక్కే ముందే "రుషికొండ ఆగుతుందా?" అని కండక్టర్‌ని అడిగేయండి, వైజాగ్‌లో ఎవరూ విసుక్కోరు. గీతం కాలేజీ కనిపించిందంటే మీ స్టాప్ దాటిపోయినట్టే.

అమ్మగారికి టికెట్ ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఆడవాళ్లకి ఉచితం. కానీ ఆంధ్రా చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ (డబ్బులు కట్టక్కర్లేని టికెట్) తప్పకుండా తీసుకోవాలి. మీ టికెట్‌కి మాత్రం చిల్లర ఉంచుకోండి.

ఆదివారం సాయంత్రం మాత్రం వద్దండీ, తిరుగు బస్సులో పెద్దవాళ్లకి నిలబడే చోటు కూడా దొరకదు. పొద్దున్నే వెళ్లండి, సముద్రం కూడా అప్పుడే బాగుంటుంది.